పిల్లర్ పక్కన పట్టే బండి

మా ఆఫీసు లిఫ్టుల్లో మీటలుండవు. ఇది ఫిర్యాదు కాదు, చిన్న మనవి మాత్రమే. హైటెక్ సిటీలో కొత్తగా కట్టిన బిల్డింగుల్లో చాలావాటికి ఇదే పద్ధతి. బయట గోడకున్న తెర మీద మన అంతస్తు నంబరు నొక్కాలి. అది కాసేపు ఆలోచించి ‘సి’ అనో ‘ఎఫ్’ అనో ఒక అక్షరం చెబుతుంది. ఆ అక్షరమున్న లిఫ్టు ముందు బుద్ధిగా నిలబడాలి. పొరపాటున పక్కదాంట్లో ఎక్కామా, ఇక లోపల చేసేదేమీ లేదు. చుట్టూ స్టీలు గోడలు, వాటిలో మన మొహం మనకే కనిపిస్తూ ఉంటుంది. ఎవరో ఎక్కడికో వెళ్తుంటే వాళ్ళతోపాటు వెళ్ళి వాళ్ళ అంతస్తు చూసి రావాలి. అలా నేను ఒక బ్యాంకు వాళ్ళ క్యాంటీనూ, ఒక మందుల కంపెనీ వాళ్ళ రిసెప్షనూ చూశాను. క్యాంటీను బాగుంది.

సాయంత్రం ఆ లిఫ్టు దిగి, సెల్లారు మూలనున్న మా బండి తలుపు తీసుకుని కూర్చుంటే ప్రాణం లేచొచ్చేది. అందులో ఏది చేస్తే అది జరుగుతుంది. తాళం చెవి తిప్పితే స్టార్టవుతుంది. వెనక అద్దాలు దించాలంటే చేత్తో హ్యాండిల్ తిప్పాలి. తిప్పినంత మేరకే దిగుతాయి. వాటికి సొంత అభిప్రాయాలుండవు.

ఆ కారు కంపెనీ వాళ్ళు అమ్మే పెట్రోలు బళ్ళ వరసలో అన్నిటికన్నా కింద ఉండేది ఇది. అందులోనూ మాది కింది నుంచి రెండో మోడలు. మొట్టమొదటి దాంట్లో ఏసీ ఉండదన్నారు. హైదరాబాదులో మే నెల ఉంటుంది కాబట్టి ఒక మెట్టు ఎక్కాం. ఎంతో ఆలోచించి ఈ బండి ఎంచుకున్నామని బంధువులకు చెప్పుకున్నాం గానీ, నిజానికి ఎంచుకున్నది మా పిల్లరు.

బాచుపల్లిలో ఫ్లాటు కొన్నప్పుడు మేం వంటగట్టు కొలిచాం, బాల్కనీ కొలిచాం, మంచం పడుతుందో లేదోనని పడగ్గది రెండుసార్లు కొలిచాం. పార్కింగు మాత్రం ఎవరూ కొలవరు. సెల్లారులో మాకు వచ్చిన చోటు ఒక లావుపాటి పిల్లరుకీ బోరు మోటారు గదికీ మధ్య ఉంది. కాగితాల మీద అది కారు పార్కింగే. అందరూ బండికి తగ్గ చోటు వెతుక్కుంటారు. మేం చోటుకు తగ్గ బండి వెతుక్కున్నాం. నేను జేబులో టేపు పెట్టుకుని షోరూముకు వెళ్ళాను. అక్కడి సేల్స్ అతను నాకు ఇంజను గురించి చెబుతుంటే, నేను ఈ సైడు అద్దం చివర నుంచి ఆ సైడు అద్దం చివరికి టేపు పట్టుకుని నిలబడ్డాను. అతను మర్యాదస్తుడు. రెండో చివర తను పట్టుకున్నాడు.

బండి ఇంటికి వచ్చిన రోజు మా చర్చి పాస్టరు గారు బానెట్ మీద చెయ్యుంచి ప్రార్థన చేశారు. ఇందులో వెళ్ళేవాళ్ళను క్షేమంగా తీసుకెళ్ళి క్షేమంగా తీసుకురమ్మని కోరారు. ఆమెన్ అన్నామో లేదో, కింది ఫ్లాటు బాబాయిగారు నాలుగు నిమ్మకాయలు పట్టుకొచ్చి టైర్ల కింద పెట్టారు. కోస్తా నుంచి వచ్చి, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయిన మనిషి ఆయన. ఎందుకైనా మంచిదన్నారు. పాస్టరు గారు అటు తిరిగి కాసేపు వాతావరణం గమనించారు. బండి నిమ్మకాయల మీదుగా కదిలి పిల్లరు పక్కకు చేరింది. రెండు శాఖల అనుమతులూ ఉన్న బండి మా అపార్ట్‌మెంటులో ఇదొక్కటే.

దాని గొప్పతనం నాకు వెంటనే తెలియలేదు. గొప్పతనం చాటుకునే రకం కాదది. తలుపు వేస్తే స్టీలు టిఫిను డబ్బా మూత పడ్డ చప్పుడవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు కొంచెం వణుకుతుంది, ఇంటర్వ్యూకి వచ్చినవాడి చేతుల్లాగా. కదిలాక సర్దుకుంటుంది. కానీ గచ్చిబౌలిలో ఫ్లైఓవర్ కింద యూటర్న్ తీసుకునేటప్పుడు చూడాలి దాన్ని. అక్కడ పెద్ద బళ్ళు ముందుకూ వెనక్కూ పోతూ ఒక చిన్న నాటకం ఆడుతుంటాయి, వెనకవాళ్ళు హారన్లతో వంత పాడుతుంటారు. మా బండి ఒక్క తిప్పుకు తిరిగి వెళ్ళిపోయేది, పెళ్ళిలో తెలిసినవాళ్ళెవరూ లేనివాడు భోంచేసి చల్లగా జారుకున్నట్టు.

ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు కర్రకు కట్టిన అద్దాన్ని బళ్ళ కిందకు పెట్టి చూస్తారు. మా బండి వస్తే ఆ అద్దం ఎత్తకుండానే పొమ్మనేవారు. దీన్ని కొందరు చిన్నచూపు అంటారు. నేను నమ్మకం అనుకునేవాణ్ణి. మా టీములో ఒకాయన కొత్తగా పెద్ద బండి కొన్నారు. దాని కప్పుకు గాజు తలుపుంది, మీట నొక్కితే ఆకాశం కనిపిస్తుంది. హైదరాబాదు ఆకాశాన్ని నెత్తిన పెట్టుకోవడానికి అనువైన నెలలేవో ఆయన ఇంకా తేల్చుకోలేదు. “ఇంకా అదే బండా?” అని నన్ను జాలిగా అడిగేవారు. అవునండీ, అదింకా పోవడంలేదు, అనేవాణ్ణి. పోకపోవడమే దాని వృత్తి.

ఆ బండి మీద మా ఆవిడ కన్ను పడుతుందని మాత్రం నేను ఊహించలేదు.

ఆమె నర్సు. మియాపూర్‌లో ఒక ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పనిచేసింది. ఇంటి నుంచి షేర్ ఆటో దూరం. ఒకసారి కోకాపేట వైపు కొత్తగా తెరిచిన పెద్దాసుపత్రి వాళ్ళు ఆమెను వార్డు ఇన్‌ఛార్జిగా రమ్మన్నారు. ఇన్‌ఛార్జి అనే మాట ఆమెకు దక్కడం అదే మొదటిసారి. అంతకుముందు ఆమె వెనక చేరినవాళ్ళకు కూడా దక్కింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆ ఉత్తరం వచ్చిన సాయంత్రం మాత్రం ఆమె ఎవరికీ చెప్పకుండా పాయసం చేసింది. ఏమిటి విశేషమంటే, పాలు మిగిలాయంది.

చిక్కు ఒక్కటే. ఉదయం ఏడింటికి రాత్రి డ్యూటీ వాళ్ళు ప్రతి మంచం దగ్గరా నిలబడి రోగిని పగటి వాళ్ళకు అప్పజెబుతారు. దాన్ని హ్యాండోవర్ అంటారు. ఇన్‌ఛార్జి రానిదే అది మొదలుకాదు, అది ముగియనిదే రాత్రంతా నిలబడ్డవాళ్ళు ఇంటికి వెళ్ళడానికి లేదు. మొదటి నెలలో ఆలస్యాలు కనబడితే ఇంకొకరిని చూసుకుంటామని అక్కడి మేట్రన్ గారు నవ్వుతూనే చెప్పారట. ఆసుపత్రి బస్సు బాచుపల్లి వైపు రాదు. క్యాబుల వాళ్ళు తెల్లవారగట్ల ఒప్పుకుంటారు, ఎక్కడికని ఫోన్ చేసి అడుగుతారు, చెప్పాక కనబడరు. 

నేను దింపుతానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. మా క్లయింట్లు భూమికి అవతలి వైపు ఉంటారు, వాళ్ళ మధ్యాహ్నం నా అర్ధరాత్రి. ఆ సంగతి ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

“మీ కాల్ లేటయితే, రాత్రంతా నిలబడ్డ నర్సు పిల్లలు మీరు నిద్ర లేచేదాకా ఆగాలా?” అంది. “బండి నేనే నడుపుకుని వెళ్తానండి. మీరు ఆఫీసు బస్సుకి వెళ్ళండి,” అంది.

చేరడానికి మూడు నెలల తర్వాత వచ్చే ఒకటో తారీకు దాకా గడువుంది.

ముందు డ్రైవింగ్ స్కూల్లో చేరింది. అక్కడి మాస్టారు లోకల్ మనిషి, నెమ్మదస్తుడు. ఆమె ఏ తప్పు చేసినా “ఫికర్ చెయ్యకుండ్రి మేడం, నేనున్న గద,” అనేవాడట. రోజూ ఇంటికి వచ్చి ఇవాళ నిజాంపేట రోడ్డు మీద నడిపాను, ఇవాళ మియాపూర్ చౌరస్తా దాటాను అని చెప్పేది. బస్సుల మధ్య నుంచి వెళ్ళినా భయం వెయ్యలేదట. కోర్సయిపోయింది, లైసెన్సు వచ్చింది. మరునాడు మా సెల్లారులో నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి మా బండెక్కింది. స్టార్ట్ చేసింది, కదపబోయింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ ఆగింది. అలా చాలాసేపు జరిగాక దిగి, చుట్టూ తిరిగి నా వైపు వచ్చి, తలుపు తీసి నా కాళ్ళ కిందకు వంగి చూసింది.

“ఇక్కడ పెడల్స్ ఏవండి?”

“ఇక్కడుండవు. అవి స్కూలు బళ్ళకే ఉంటాయి.”

“అయితే ఇన్నాళ్ళూ నడిపింది ఆయనన్నమాట,” అంది. “నేను స్టీరింగు పట్టుకుని ఊరు చూశాను.”

అప్పుడు నేను రంగంలోకి దిగాను. దిగకుండా ఉంటే పని ఇంకొంచెం త్వరగా అయ్యేదని తర్వాత చాలామంది అన్నారు.

మా కంపెనీల్లో ఎవరైనా ఉద్యోగం మానేస్తే, వాళ్ళ పని ఇంకొకరికి అప్పగించే తంతు ఒకటుంది. కేటీ అంటారు. వెళ్ళేవాడు స్లైడ్లు వేసి చెబుతాడు, వచ్చేవాడు తలూపుతాడు. చివర్లో రివర్స్ కేటీ అని, విన్నవాడు విన్నదంతా తిరిగి అప్పజెప్పాలి. ఇలా చేతులు మారిన ఏ పనీ ఆ తర్వాత సవ్యంగా నడిచిన దాఖలా నా అనుభవంలో లేదు. అయినా ఒక మనిషికి తెలిసింది ఇంకో మనిషికి చేర్చడానికి మాకు తెలిసిన దారి అదొక్కటే. నేను ఆవిడకు కేటీ మొదలుపెట్టాను.

హాల్లో టీవీకి ల్యాప్‌టాప్ తగిలించాను. మొదటి స్లైడు ‘క్లచ్: పరిచయం’. రెండోది ‘క్లచ్: తరచుగా వచ్చే సమస్యలు’. రంగులు బాగా కుదిరాయి. ఆమె అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, ఉడికించిన పల్లీలు తింటూ చూసింది. బండి నడిరోడ్డు మీద ఆగిపోతే ముందు ఎవరికి చెప్పాలి, వాళ్ళు దొరక్కపోతే తర్వాత ఎవరికి అని బాణం గుర్తులతో ఒక పటం కూడా గీశాను. బాణాలన్నీ తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చాయి. అది చూసి ఆమె తినడం ఆపింది.

ఆఖర్న రివర్స్ కేటీ అడిగాను.

“క్లచ్ మెల్లగా వదిలితే బండి కదులుతుంది,” అంది. “మీరు మాట్లాడటం ఆపితే నేను కదుపుతాను. ఇంకేమన్నా ఉందా అండి?”

ఇంకా పద్నాలుగు స్లైడ్లున్నాయని చెప్పాను. తమ దగ్గర ఒక్కో మంచానికీ మూడు మాటలే ఉంటాయంది. ఏం జరిగింది, ఏం చేశాం, ఇక ఏం చూడాలి. స్లైడ్లు వేస్తే ఈలోగా పేషెంటు పోతాడంది. టీవీ ఆపేసి వంటింట్లోకి వెళ్ళింది. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఆదివారాలు చర్చి అయ్యాక తిన్నగా కోకాపేట వెళ్ళేవాళ్ళం. అక్కడ రోడ్లు ముందే వచ్చేశాయి, మనుషులు ఇంకా రావాలి. ఆకాశాన్ని తాకే టవర్లు, వాటి మధ్య నున్నటి వెడల్పాటి దారులు, దారుల్లో అప్పుడప్పుడూ ఒక కుక్క. నగరంలో సగంమంది అక్కడే నేర్చుకుంటారు. ప్రతి కారులోనూ ఎడమవైపు ఒక మగమనిషి చేతులు ఊపుతూ కనిపిస్తాడు. నేను చేతులు ఊపలేదు. కుడికాలు మాత్రం ఖాళీ నేలను తొక్కుతూ ఉండేది. ప్రతిసారీ ఆమె నా కాలు వైపు చూసేది, చూసినప్పుడల్లా బండి ఆగిపోయేది.

రెండో ఆదివారం ఆమె బండిని రోడ్డు పక్కకు తీసి, “కాసేపు దిగి నిలబడండి,” అంది.

దిగి ఒక పెద్ద హోర్డింగు నీడలో నిలబడ్డాను. హోర్డింగు మీద ఒక కుటుంబం నలభయ్యో అంతస్తులో ఈత కొడుతోంది. ఆమె ఒక్కతే కదిలింది. మొదటి చుట్టులో గేరు మారినప్పుడల్లా బండి మూలుగు నాకు వినిపించింది. ఒకచోట ఆగిపోయింది, మళ్ళీ స్టార్టయింది. ఇంకోచోట ఆగింది, మళ్ళీ స్టార్టయింది. ఆ రోజుల్లో అదెన్ని వందలసార్లు ఆగి ఉంటుందో. ఒక్కసారి కూడా మొరాయించలేదు. ధర తగ్గించడానికి ఆ బండిలోంచి చాలా తీసేశారని అందరూ అంటారు. విసుగు కూడా తీసేసినట్టున్నారు.

మూడో నాలుగో చుట్టు నాటికి మూలుగు లేదు. తెల్లటి చిన్న బండి ఎండలో మలుపు తిరిగి, ఎడమ సిగ్నల్ వేసుకుని, ఎవరూ లేని దారిలో ఎవరికో దారిస్తున్నంత మర్యాదగా నా ముందు నుంచి వెళ్ళింది. అన్నాళ్ళూ నేను దాన్ని లోపల్నుంచే చూశాను. బయట నుంచి, అదీ నేను లేకుండా కదులుతుంటే చూడటం అదే మొదలు. బాగుంది. ఆమె నా వైపు చూడలేదు. అద్దాలు చూసుకుంటోంది.

ఒక్కటే మిగిలింది, ఎత్తు. సర్వీసు రోడ్డు మీద ఒకచోట చిన్న చడావు ఉంటే అక్కడ ఆపి ఎక్కించడం మొదలుపెట్టింది. బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటరు మీదకు వేసేలోగా బండి వెనక్కి జారేది. ఖాళీ రోడ్డు కాబట్టి సరిపోయింది. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ట్రాఫిక్ ఆగి, వెనక ఇంకో బండి ఆనుకుని ఉంటే ఏమిటన్నదే ఆమె భయం. పైకి చెప్పలేదు. నిద్రలో ఎడమచెయ్యి హ్యాండ్ బ్రేకు లాగుతున్నట్టు కదిలేది. ఆ పక్కన నేనుండేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

ఈలోగా సెల్లారులో ఇంకో పరీక్ష నడిచింది. మన ఊళ్ళో ఎవరైనా బండి రివర్సు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం అమర్యాద. దారినపోయేవాళ్ళు కూడా ఆగి చెయ్యి ఊపాలి. ఆడమనిషి అయితే కమిటీయే కూర్చుంటుంది. పిల్లరుకూ మోటారు గదికీ మధ్య ఆమె బండి పెడుతుంటే బాబాయిగారు వెనక నిలబడి “రానీ, రానీ” అనేవారు. వాచ్‌మన్ అదే సమయంలో “బస్ బస్ బస్” అనేవాడు. రెండో అంతస్తాయన లెఫ్టు కొట్టమనేవారు, ఆయన లెఫ్టు మాకు రైటు. ఇంతమంది సహాయంతో ఒకరోజు ఆమె పిల్లరుకు చిన్న ముద్దు పెట్టించింది. వెనక బంపరు మీద అరచేతి వెడల్పు గీత పడింది. కమిటీ ఏకగ్రీవంగా తల పట్టుకుంది.

మర్నాడు కమిటీ మళ్ళీ సమావేశమయ్యేసరికి ఆమె నాలుగు కిటికీల అద్దాలూ ఎత్తేసింది. వెనకవి చేత్తో తిప్పి ఎత్తాలి కదా, దిగి వెనక సీట్లోకి వెళ్ళి మరీ ఎత్తింది. తర్వాత కూర్చుని, వాళ్ళ నోళ్ళు కదులుతుంటే సైడు అద్దాలు మాత్రమే చూసుకుంటూ, పిల్లరుకు బెత్తెడు దూరంలో బండిని నిలబెట్టింది. బాబాయిగారి చెయ్యి “రానీ” దగ్గరే గాల్లో ఉండిపోయింది. “నే చెప్పినట్టే చేసిందయ్యా అమ్మాయి,” అన్నారు నాతో.

ఒకటో తారీకు వచ్చింది. ముందు రాత్రే ఆమె స్పష్టంగా చెప్పింది. పక్కన కూర్చోవద్దు, ఫోన్ చెయ్యొద్దు, లైవ్ లొకేషన్ అడగొద్దు. సరేనన్నాను. మాట తప్పలేదు. పక్కన కూర్చోలేదు, ఫోన్ చెయ్యలేదు, లొకేషన్ అడగలేదు.

తెల్లవారుతూనే ఆమె స్టీలు క్యారేజీ, నీళ్ళ సీసా ముందు సీట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచి పెదాలు కదిపింది. స్టార్ట్ చేసి సెల్లారు ర్యాంపు ఎక్కి వెళ్ళిపోయింది. నేను గేటు దాటి వీధి మలుపు దగ్గరికి నడిచాను. అక్కడ నేను ముందే పిలిపించిన బైక్ ట్యాక్సీ ఉంది. వెంబడించాననడం పెద్ద మాట. ఆమె వెళ్తున్న దిక్కుగా వెళ్ళాలనిపించింది.

ముందు పోతున్న ఆ తెల్ల కారు వెనకే కాస్త దూరంగా పోనిమ్మని చెప్పాను. బైకతను నా వయసువాడే. కొంతదూరం పోయాక మెడ తిప్పాడు.

“ఆ కార్ల ఎవరున్నరన్నా?”

“మా ఆవిడ.”

బైకు వేగం తగ్గింది. “అన్నా, మీ ఇంటి లొల్లిల నన్ను ఇరికియ్యకు.”

అలాంటిదేమీ లేదని, ఆమెకు కొత్తగా డ్రైవింగ్ వచ్చిందని, ఈరోజే మొదటిసారి ఒంటరిగా పోతోందని, ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండకపోతే ఉద్యోగానికే ఎసరని వివరించాను.

“మరి నువ్వు కార్లనే కూసోవచ్చు గద.”

“వద్దంది.”

“ఇగ సమజైంది,” అని వేగం పెంచాడు. ఏం సమజైందో నేను అడగలేదు.

మియాపూర్ చౌరస్తాలో కాలేజీ బస్సులు అప్పటికే బారులు తీరాయి. ఆమె రెండు బస్సుల మధ్య ఒద్దికగా నిలబడి, సిగ్నల్ పడగానే ఒద్దికగా కదిలింది. ఎవరినీ దాటలేదు. కొండాపూర్ దాకా మమ్మల్ని పాల ఆటోలు కూడా దాటుకుంటూ పోయాయి. బైకతనికి అది కొంచెం నామోషీగా ఉన్నట్టు తోచింది. మేడం గేరు మర్చిపోయిందేమో ఫోన్ చేసి చెప్పమన్నాడు. ఫోన్ చెయ్యనని మాటిచ్చానని చెప్పాను.

ఫ్లైఓవర్ మీదకు ఎక్కుతుండగా అన్నీ ఆగిపోయాయి. ముందెక్కడో ఒక కాంక్రీటు లారీ చడావు మధ్యలో చతికిలబడింది. దాని పెద్ద డ్రమ్ము మాత్రం తాపీగా తిరుగుతోంది. మా తెల్ల బండి సరిగ్గా ఎత్తు మధ్యలో ఆగింది, వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. దాని వెనక నల్లటి పెద్ద బండొకటి వచ్చి, మధ్యలో క్యారేజీ పెట్టే సందు కూడా లేకుండా ఆనుకుని నిలబడింది. దాని వెనక మేం. నల్లబండి ఎత్తుకు మా బండి పైకప్పు కూడా నాకు సరిగ్గా కనబడలేదు. బైకు మీంచి ఒకవైపుకు వంగాను. బైకు కూడా వంగింది. 

“జర సీదా కూసో అన్నా, పడతం,” అన్నాడతను.

టైము చూసుకోకూడదనుకున్నాను. చూసుకున్నాను. లారీ కదలకపోతే ఆమెకు వెనక్కి తిరిగే దారి లేదు. కదిలితే ఆమె ఎత్తు మీద బండిని లేపాలి. ఏది జరగాలని కోరుకోవాలో తెలియలేదు. నా కుడికాలు బైకు ఫుట్‌రెస్టును గట్టిగా తొక్కుతోంది.

ముందు ఎక్కడో లారీ దగ్గింది. వరసలో ఒక్కొక్కటే కదలసాగాయి. ఆమె ముందున్న ఆటో కదిలింది. ఆమె కదల్లేదు. నల్లబండి హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఆమె ఇంకా కదల్లేదు. తర్వాత ఎర్ర లైట్లు ఆరాయి. బండి హ్యాండ్ బ్రేకు మీద ఉన్నచోటే ఉంది. ఇంజను గొంతు కాస్త పెరిగింది, ముక్కు కొద్దిగా పైకి లేచినట్టయింది. హ్యాండ్ బ్రేకు దించి ఉంటుంది. వెనక్కి అంగుళం కూడా జారకుండా, ఏమీ జరగనట్టు ఎక్కి వెళ్ళిపోయింది. నల్లబండి మాత్రం కదిలే ముందు కొంచెం వెనక్కి జారింది. మేం కాళ్ళు నేలకు ఆన్చి బైకును పక్కకు లాక్కున్నాం.

“ఎక్కింది,” అన్నాడు బైకతను, ముందుకు చూస్తూ.

పోనిమ్మని అతని భుజం తట్టాను.

ఆసుపత్రి గేటుకు ఎదురుగా ఇడ్లీ బండి ఉంటే దాని చాటున ఆపించాను. లోపల స్టాఫ్ పార్కింగులో రెండు పెద్ద బళ్ళ మధ్య ఒక ఖాళీ ఉంది. ఆ రెండింటి యజమానులూ తలా కాస్త పక్కవాడి గీతలోకి జరిగి నిలిపి ఉండటంతో ఇంకెవరూ అందులో పెట్టే సాహసం చేసినట్టు లేదు. ఆమె రివర్సు మొదలుపెట్టింది. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను ఉత్సాహంగా చెయ్యి పైకెత్తి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె పక్క కిటికీ అద్దం పైకి లేచింది. మా బండి ఆ ఖాళీలోకి, దాని కోసమే కొలిచి పెట్టినట్టు వెళ్ళి కూర్చుంది. అతను చెయ్యి దించి, ఎందుకో బండినొకసారి తల పంకించి చూశాడు.

ఆమె దిగింది. తలుపు వేసింది. ఇడ్లీ బండి దాకా ఆ టిఫిను డబ్బా చప్పుడు వినిపించింది. క్యారేజీ, సంచీ తీసుకుని లోపలికి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. తిన్నగా గేటు దాటి, రోడ్డు దాటి, ఇడ్లీ బండి దగ్గరికి వచ్చింది. అంత తిన్నగా వచ్చిందంటే మేం ఆమెకు అద్దంలో మియాపూర్ నుంచీ కనబడుతూనే ఉండి ఉండాలి.

బైకతను నాకన్నా ముందే తేరుకుని “నమస్తే మేడం” అన్నాడు. ఆమె తలూపింది. చేతి గడియారం చూసుకుంది. ఏడింటికి ఇంకా వ్యవధి ఉంది. తర్వాత నన్ను కింది నుంచి పైదాకా, మంచం దగ్గర నిలబడి చూసినట్టు చూసి, నా తల దగ్గర ఆగింది.

“హెల్మెట్ ఏదండీ? మా వార్డులో బెడ్లు ఖాళీ లేవు.”